అర్ల్ మెక్‌ఫెర్సన్: స్ట్రట్‌కి పేరిచ్చిన మనిషి

మా సీనియర్ అన్న ఒకడు పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత స్టేషన్ వ్యాగన్ కొన్నాడు. డిక్కీ ఉండాల్సిన చోట కూడా కప్పు వెనక దాకా సాగి ఉండే పొడుగు కారు. కొన్న వారానికే ఆయనకి స్టాన్స్ పిచ్చి పట్టింది. అంటే కారు నేలకి దగ్గరగా కూర్చోవాలి, టైరుకీ ఫెండరుకీ మధ్య సందు కనపడకూడదు. కాయిలోవర్లకి డబ్బుల్లేవు. గ్రైండర్ అద్దెకి తెచ్చి ముందు స్ప్రింగులు చెరో చుట్టున్నర కోయించేశాడు. ఆ సాయంత్రం హాస్టల్ ముందు బండి నిలబెడితే, అబద్ధమెందుకు, చాలా బాగుంది. అందరం ఫోటోలు దిగాం.

మర్నాడు ఫెస్ట్ కోసం ఐదుగురం ఎక్కి, వెనక సౌండ్ బాక్సులు వేసుకుని బయల్దేరాం. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర దబ్మని చప్పుడు. గుంత వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే పక్కకి లాగుతోంది. మలుపులో టైరు లోపలి ప్లాస్టిక్‌ని గీరుకుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తున్నప్పుడు బండి అరగజం పక్కకి జరిగింది. ఆ తర్వాత లోపల ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ వారం ల్యాబ్‌లో అదే సస్పెన్షన్ గురించి వైవా. అది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అని అందరం చెప్పాం. మెక్‌ఫెర్సన్ అంటే ఎవరో మాత్రం ఒక్కరికీ తెలీదు. కొందరు అది కంపెనీ పేరనుకున్నారు, నాతో సహా. సిగ్గేసి చదవడం మొదలుపెట్టాను. అలా దొరికిన మనిషి కథ ఇది.

అర్ల్ స్టీల్ మెక్‌ఫెర్సన్ 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. 1915లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. అప్పటికి ఫోర్డ్ మోడల్-టి రోడ్డెక్కి ఏడేళ్లు. చదువుకున్న కుర్రాళ్లంతా డెట్రాయిట్ రైలెక్కుతున్న రోజులు. ఈయన కూడా వెళ్లి ఛామర్స్ అనే కార్ల కంపెనీలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున యూరప్ వెళ్లి విమాన ఇంజిన్ల పని చూశాడు. తిరిగొచ్చాక లిబర్టీ, ఆ తర్వాత హప్ కంపెనీల్లో పనిచేశాడు. ఈ మూడు కంపెనీల్లో ఒక్కటీ ఇవాళ లేదు.

1934లో జనరల్ మోటార్స్‌కి మారాడు. కొద్దికాలంలోనే షెవ్రొలే విభాగంలో ప్రధాన డిజైన్ ఇంజినీర్ అయ్యాడు. అమెరికాలో అప్పుడు సస్పెన్షన్ అనే శాస్త్రమే మారిపోతోంది. అంతకు ముందు ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి ఉండేవి, ఎద్దుల బండికి లాగే. ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ కదిలేది. ముప్ఫయ్యో దశకంలో చక్రానికి చక్రం విడిగా కదిలే పద్ధతి మామూలు కార్లలోకి వచ్చింది. ప్రతి చక్రానికి పైన ఒక చేయి, కింద ఒక చేయి, మధ్యలో స్ప్రింగ్. బాగా పనిచేస్తుంది. కానీ భాగాలు ఎక్కువ, ఖరీదు ఎక్కువ, ఇంజిన్ పక్కన చోటు కూడా తినేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో జనరల్ మోటార్స్ ఒక చిన్న కారు చేయాలనుకుంది. పేరు షెవ్రొలే కెడెట్. ధర వెయ్యి డాలర్లకి లోపే ఉండాలి. ఆ పనికి పెద్దగా మెక్‌ఫెర్సన్‌ని పెట్టారు. ఇంజినీర్‌కి జీవితంలో ఒక్కసారి దొరికే అవకాశం ఇది. పాత కారుకి మార్పులు చేయడం కాదు, తెల్లకాగితం మీద కొత్త కారు గీయడం.

ఆయన ముందున్న చిక్కు మనకి సులువుగానే అర్థమవుతుంది. కారు తేలిగ్గా ఉండాలి, చవగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ విడివిడిగా కదలాలి. రెండేసి చేతుల పద్ధతి పెడితే ఖర్చు వెయ్యి డాలర్ల గీత దాటుతుంది. ఆయన పై చేతిని తీసేశాడు. దాని పని షాక్ అబ్జార్బర్‌కి అప్పజెప్పాడు. కింద ఒక చేయి చక్రాన్ని పట్టుకుంటుంది. చక్రం మీదినుంచి నిట్టనిలువుగా లేచిన షాక్ అబ్జార్బర్ గొట్టం, చుట్టూ స్ప్రింగ్‌తో సహా, పైన బాడీకి బిగుసుకుంటుంది. స్టీరింగ్ తిప్పితే ఆ గొట్టం మొత్తం తన చుట్టూ తాను తిరుగుతుంది. అంతకు ముందు కుదుపు తగ్గించడమొక్కటే దాని పని. ఇప్పుడు అదే స్తంభం, అదే మార్గం, అదే బిజాగరం.

ఈ ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. 1920లలోనే ఇటలీలో ఫియట్ ఇంజినీరు గూయిదో ఫోర్నాకా ఇలాంటిది గీశాడు. కానీ దాన్ని లక్షల సంఖ్యలో, తక్కువ ఖర్చుతో చేయగలిగే రూపానికి తెచ్చింది మెక్‌ఫెర్సనే. 1947లో జనరల్ మోటార్స్ తరఫున పేటెంట్‌కి దరఖాస్తు వెళ్లింది.

అదే ఏడాది కెడెట్‌ని ఆపేశారు. యుద్ధం తర్వాత ఉక్కు కొరత. మరోపక్క ఏళ్ల తరబడి కార్లు దొరక్క ఎదురుచూసిన జనం పెద్ద కార్లనే ఎన్ని చేస్తే అన్నీ కొనేస్తున్నారు. అలాంటప్పుడు తక్కువ లాభమొచ్చే చిన్న కారు ఎందుకని కంపెనీ లెక్క. లెక్క ప్రకారం తప్పేం కాదు. కానీ నమూనా కార్లు తయారై తిరుగుతున్న దశలో పని ఆగిపోతే ఆ మనిషికి ఎలా ఉంటుందో, ఫైనలియర్ ప్రాజెక్ట్ చివరి నెలలో టాపిక్ మార్చమన్న గైడ్ ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు. మన దగ్గరైతే రిటైర్మెంట్ డబ్బులతో ఇల్లు కట్టుకోవడం గురించి ఆలోచించే వయసు. ఆయన ఉద్యోగం మానేసి, జనరల్ మోటార్స్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన ఫోర్డ్‌లో చేరాడు.

ఫోర్డ్‌లో ఆ ఆలోచన బతికింది, అయితే అమెరికాలో కాదు.  మొదట ఇంగ్లండ్‌లో కాన్సల్, జెఫిర్ కార్లకి వచ్చింది. 1953లో మోంటే కార్లో ర్యాలీ గెలిచింది ఒక జెఫిరే. మంచు కొండల మలుపుల్లో పరిగెత్తే పోటీ అది. చవక కారు కోసం పుట్టిన స్ట్రట్ అక్కడ తట్టుకుని నిలబడింది. తర్వాత ఆ జెఫిర్లకి, కాన్సళ్లకి ఫార్న్‌హమ్ ఊళ్లోని అబ్బట్ అనే బాడీ కంపెనీ ఎస్టేట్ రూపాలు కట్టింది. ఎస్టేట్ అంటే ఇంగ్లండ్ వాళ్ల మాటలో మన స్టేషన్ వ్యాగనే. అంటే స్ట్రట్ మీద వ్యాగన్ నిలబడటం మా అన్నతో మొదలవలేదన్నమాట.

మెక్‌ఫెర్సన్ 1952లో ఫోర్డ్ ఇంజినీరింగ్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. 1958లో రిటైరయ్యాడు. 1960లో కన్నుమూశాడు. అప్పటికి అమెరికా రోడ్ల మీద తిరిగే అమెరికన్ ఫోర్డులకి ఆయన స్ట్రట్ లేదు. 1961లో బీఎండబ్ల్యూ 1500, ఆ తర్వాత పోర్షే 911 ఆ దారి పట్టాయి. 1969లో ఫియట్ 128లో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పారు. అక్కడ స్ట్రట్ అసలు విలువ బయటపడింది. పై చేయి లేకపోవడం వల్ల మిగిలిన చోటులోనే అడ్డ ఇంజిన్ ఇమిడింది. 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌దీ అదే కథ. 1983 డిసెంబర్లో మన రోడ్డెక్కిన మారుతి 800 ముందు చక్రాల మీద ఉన్నదీ అదే. కెడెట్‌ని ఆపేసిన షెవ్రొలే కూడా చివరికి 1979లో సైటేషన్ కారుకి మెక్‌ఫెర్సన్ స్ట్రట్ పెట్టింది. అప్పటికి ఆయన పోయి పంతొమ్మిదేళ్లు.

ఇక అన్న బండి దగ్గరికొద్దాం. ఈ కథ చదివాక నాకు అర్థమైందేంటంటే, ఆ డిజైన్‌లో ఎత్తు అనేది విడిగా తీసి మార్చుకునే అంకె కాదు. పై చేయి తీసేసినందుకు ఆయన చెల్లించిన మూల్యం ఉంది. అది ఎత్తు తగ్గించినప్పుడే బయటపడుతుంది.

మొదట స్ప్రింగ్. పనిచేసే చుట్లు 6 అనుకుందాం. చుట్టున్నర కోస్తే 4.5. స్ప్రింగ్ గట్టిదనం చుట్లకి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి 6/4.5, అంటే 33 శాతం పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగ్‌కి సరిపడేదే. పైగా చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గిపోయింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర దబ్మన్నది అందుకే. చక్రం గాల్లోకి లేస్తే పొట్టి స్ప్రింగ్ దాని పళ్లెంలోంచి జారిపోయే ప్రమాదం వేరే.

రెండోది రోల్ సెంటర్. గ్రాఫ్ కాగితం తీసుకుని ఒక ఊహా కారుకి గీసి చూశాను. టైరు నేలని తాకే చోటు కారు మధ్యగీతకి 700 మి.మీ. దూరం. కింది చేయి లోపలి కీలు 350 మి.మీ. దూరంలో, 220 ఎత్తులో. బయటి బాల్ జాయింట్ 670 దూరంలో, 200 ఎత్తులో. స్ట్రట్ పై కొన 560 దూరంలో, 800 ఎత్తులో. పై కొన దగ్గర స్ట్రట్‌కి లంబంగా ఒక గీత, కింది చేయి వెంబడి ఇంకో గీత. రెండూ కలిసిన చోటినుంచి టైరు అడుక్కి మూడో గీత. అది మధ్యగీతని కోసిన చోటే రోల్ సెంటర్. మామూలు ఎత్తులో అది నేలకి సుమారు 100 మి.మీ. పైన వచ్చింది. బాడీని 50 మి.మీ. దించి మళ్లీ గీస్తే నేలకి 40 మి.మీ. కిందకి పోయింది! కారు గరిమనాభి దిగింది 50 అయితే రోల్ సెంటర్ దిగింది దాదాపు 140. రెండిటి మధ్య దూరం పెరిగింది కాబట్టి మలుపులో బాడీని ఒరగదోసే బలానికి పొడవాటి మీట దొరికింది. అందుకే స్ప్రింగ్ గట్టిపడినా, బండి కిందకి దిగినా, ఒరగడం అనుకున్నంత తగ్గదు.

మూడోది స్టీరింగ్. టై రాడ్, కింది చేయి రెండూ ఒకే తీరులో కదిలేలా కొలిచి పెడతారు. ఎత్తు మారితే రెండిటి కోణాలూ మారతాయి. అప్పుడు గుంత వచ్చిన ప్రతిసారీ చక్రం కాస్త పక్కకి తిరుగుతుంది. బస్సు ఎదురైన రోజు మేం చూసింది అదే.

దించడమే తప్పని నేననను. తెలిసి దించేవాళ్లు పొట్టి స్ప్రింగ్‌కి తగ్గ షాక్ అబ్జార్బర్ పెడతారు. బాల్ జాయింట్ దగ్గర స్పేసర్ పెట్టి కింది చేతిని మళ్లీ పాత కోణానికి తెస్తారు, టై రాడ్ కొనని కూడా అంతే దించుతారు. క్యాంబర్ సరిచూసి, చివర్లో అలైన్‌మెంట్ చేయిస్తారు. వ్యాగన్ కాబట్టి నిండా బరువు వేసి కూడా ఎత్తు కొలుస్తారు. ఇంత చేశాక కూడా మన దేశంలో కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది.

నేను గీసిన గ్రాఫ్ కాగితం అన్నకి చూపించాను. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. పది రోజుల తర్వాత పాత సామాన్ల బజారులో ఒరిజినల్ స్ప్రింగుల జత వెతికి తెచ్చుకున్నాడు. బిగించేటప్పుడు నేనే టార్చ్ పట్టుకున్నాను. వ్యాగన్ మళ్లీ లేచి నిలబడింది, ఫెండర్ కింద పాత సందు మళ్లీ కనపడింది. మొదట్లో అది మాకు కారు లోపంలా కనిపించేది. ఇప్పుడు ఆ సందు చూస్తే చక్రం కదలడానికి ఒక మనిషి లెక్కగట్టి వదిలిన చోటు అని తెలుస్తోంది. ఆయన పేరు అర్ల్ మెక్‌ఫెర్సన్. ఈసారి వైవాలో అడిగితే కంపెనీ పేరని మాత్రం చెప్పకండి.