గుంజీలు తీసి గెలిచిన గామా

పిల్లలూ, వినాయక చవితి పూజ అయ్యాక మీరు చెవులు పట్టుకుని ఎన్ని గుంజీలు తీస్తారు? అయిదా, పదకొండా? మీ నాన్నగారిని అడిగి చూడండి. ఎక్కం తప్పు చెప్పినందుకు బళ్ళో యాభై తీసిన రోజు ఆయనకు ఇంకా గుర్తుండే ఉంటుంది. మనకు తెలిసి గుంజీలంటే ఒకటి వినాయకుడి ముందు, రెండోది మాస్టారి ముందు. అవే గుంజీలతో పదేళ్ళకే ఒక మహారాజు మెప్పు పొంది, పెద్దయ్యాక దేశదేశాల మల్లులను వెల్లకిలా పడేసిన ఒక మనిషి కథ ఈసారి చెప్పుకుందాం. అతనే గామా పహిల్వాన్.

అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో పంజాబులోని అమృతసర్ జిల్లాలో పుట్టాడు. వాళ్ళది కాశ్మీరు నుంచి వచ్చిన కుస్తీ కుటుంబం. తండ్రి కూడా పహిల్వానే. గామాకు ఆరేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. తాతగారు చేరదీశారు, కొన్నాళ్ళకు ఆయనా పోయారు. చివరికి మేనమామ ఇడా పహిల్వాన్ పిల్లవాడిని పెంచి, కుస్తీ నేర్పాడు.

పదేళ్ళ వయసులో గామా జోధ్‌పూర్ వెళ్ళాడు. అక్కడి మహారాజు మల్లులకు ఒక పోటీ పెట్టాడు. అది కుస్తీ పోటీ కాదు, బస్కీల పోటీ. ఎవరు ఎక్కువసేపు తీస్తే వాళ్ళే గొప్ప. నాలుగు వందల మందికి పైగా దిగారు. కాళ్ళు లాగేసి ఒక్కొక్కరే తప్పుకుంటూ చివరికి పదిహేను మంది మిగిలితే, గడ్డాలూ మీసాలూ ఉన్న ఆ మల్లుల మధ్య ఈ కుర్రవాడూ ఉన్నాడు. మహారాజు ఆశ్చర్యపోయి, వయసును బట్టి గెలుపు అతనిదే అన్నాడు. తర్వాత వారం రోజులు మంచం దిగలేకపోయాడట. అది కూడా గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బస్కీలకూ మన గుంజీలకూ పెద్ద తేడా లేదు. చెవులు వదిలేసి చేతులు ముందుకూ వెనక్కూ ఊపుతారు, కిందికి కూర్చున్నప్పుడు మడమలు లేస్తాయి, అంతే. దీనికి జోడీ దండీలు. అరచేతులూ పాదాలూ నేల మీద ఆనించి, నడుము పైకెత్తి, పాము దూరినట్టు తలనూ ఛాతీనీ కిందుగా ముందుకు తెచ్చి పైకి లేవడం. గామా బలమంతా ఈ రెంటి మీదే కట్టిన ఇల్లు. కుస్తీ గోదాలో మట్టి తవ్వడం కూడా సాధనలో భాగమే. గడ్డపారకు గడ్డపార, కసరత్తుకు కసరత్తు! మన ఊళ్ళ తాలింఖానాల్లోనూ ఇదే పద్ధతి ఉండేది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మన కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఈ కాలంవారే.

పెద్దయ్యాక గామా రోజుకు 5,000 బస్కీలు, 3,000 దండీలు తీసేవాడని రాస్తారు. లెక్కపెట్టిందెవరో! రెండు సెకన్లకొకటి తీసినా 5,000 బస్కీలకు రెండు ముప్పావు గంటలు పడుతుంది. అందులో సగమే నిజమనుకున్నా మనకు చాలు. బ్రూస్ లీ కూడా గామా సాధన గురించి చదివి బస్కీలు మొదలుపెట్టాడని చెబుతారు.

వేలు పోసి ట్రెడ్‌మిల్ కొని, దాని మీద బట్టలు ఆరేసుకునే ఇళ్ళు మాకు కొన్ని తెలుసు. అమ్మానాన్నలకు మేం చెప్పేదేమంటే, ముందు కుర్చీ వీపు పట్టుకుని పది బస్కీలు తీయండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి, కుర్చీలో కూర్చుని లేచినా చాలు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టండి. ఒక రోజు చేసి ఒక రోజు ఆగి, వారానికి రెండో మూడో పెంచండి. అది తేలికైనప్పుడు ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి గుండెకు హత్తుకుని తీయండి. బియ్యం ఎలాగూ కొంటాం కదా! మొదటి రోజే గామా అవుదామనుకుంటే మాత్రం ఆ జోధ్‌పూర్ మంచం గుర్తు తెచ్చుకోండి.

అయితే ఒక మాట దాచకూడదు. కసరత్తుకు పైసా ఖర్చు లేకపోయినా, ఆ కసరత్తుకు తగ్గ తిండికి చాలా ఖర్చయ్యేది. పాలు, నెయ్యి, బాదం పప్పు, మాంసం, ఇవన్నీ దతియా మహారాజు, ఆ తర్వాత ఇతర సంస్థానాధీశులు ఇచ్చినవే. వెనుక రాజు లేకపోతే గామా అంతవాడయ్యేవాడా అంటే, మాకైతే అనుమానమే.

1910లో తమ్ముడు ఇమాం బక్ష్‌తో కలిసి గామా లండన్ వెళ్ళాడు. ఎత్తు అయిదున్నర అడుగులకు కాస్త పైన. పొట్టివాడని పోటీలో చేర్చుకోలేదు. అప్పుడు ఏ బరువువాళ్ళైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని సవాలు విసిరాడు. అందరూ గొప్పలనుకున్నారు. అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్ ముందుకొస్తే, రెండు నిమిషాలు కూడా పట్టకుండా వెల్లకిలా పడేశాడు. సెప్టెంబరు 10న పోలండ్ మల్లుడు జబిస్కోతో కుస్తీ. జబిస్కో చాలా బరువైనవాడు. పట్టు దొరికితే ప్రమాదమని తెలుసుకుని చాపకు కరుచుకుని పడుకున్నాడు. రెండున్నర గంటలు దాటినా గామా అతన్ని తిప్పలేకపోయాడు. చూసేవాళ్ళకు విసుగొచ్చి ఉంటుంది పాపం. వారం తర్వాత మళ్ళీ పెడితే జబిస్కో రానేలేదు. జాన్ బుల్ బెల్టు గామాకు ఇచ్చేశారు. ఇద్దరూ మళ్ళీ తలపడింది 1928లో, పటియాలాలో. అప్పటికి గామాకు దాదాపు యాభై ఏళ్ళు. ఈసారి నిమిషం లోపే అయిపోయింది.

1947లో దేశ విభజన నాటికి గామా లాహోరులో మోహనీ రోడ్డులో ఉంటున్నాడు. ఆ వీధిలో హిందూ కుటుంబాలు ఉండేవి. అల్లరిమూక వాళ్ళ మీదికి వచ్చినప్పుడు గామా తన మనుషులతో అడ్డం నిలబడ్డాడనీ, తర్వాత వాళ్ళకు దారిఖర్చులిచ్చి సరిహద్దు దాకా దిగబెట్టాడనీ చెబుతారు. అన్ని వేల బస్కీల బలం అక్కరకొచ్చింది ఆ రాత్రేనని మాకు అనిపిస్తుంది.

సంస్థానాలు పోయాయి, వాటితో పాటు రాజుల ఆదరణా పోయింది. ముసలితనంలో గామాకు జబ్బు చేసి, చేతిలో డబ్బు ఆడని రోజులు వచ్చాయి. సరిహద్దు ఇవతలి నుంచి జి.డి. బిర్లా డబ్బు పంపారు. 1960 మే 23న గామా లాహోరులో కన్నుమూశాడు. మెడకు వేసుకుని బస్కీలు తీసిన సుమారు 95 కిలోల చక్రం మాత్రం ఇటు పటియాలాలో, జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఉంది.