ఎడ్గర్ బకింగ్‌హామ్

ఎడ్గర్ బకింగ్‌హామ్ 1867లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. హార్వర్డులో చదివి, 1893లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. వ్యవసాయము చదివినవాడు కాడు, శుద్ధ భౌతికశాస్త్రవేత్త. అట్టివాడు 1902లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖలోని మృత్తికా విభాగమున ఉద్యోగిగా చేరెను.

మట్టిలో గాలి సంచారమును గూర్చి 1904లో ఒక నివేదిక వెలువరించి, పిమ్మట తేమవైపు దృష్టి మరల్చెను. నాలుగడుగుల మట్టి స్తంభములు నిలిపి, అడుగున నీరుంచి, ఎంత ఎత్తున ఎంత తేమ నిలుచునో కొలిచెను. వేడిమి, విద్యుత్తు ప్రవహించుటకు కారణమైన భేదము వంటిదే నేలలోను కలదనియు, తడి మట్టికంటె ఎండిన మట్టి నీటిని గట్టిగా పట్టియుంచుననియు గ్రహించి, ఆ పట్టుకు కేశికా శక్మమని పేరిడెను. మట్టి ఆరినకొలది నీటికి దారియు సన్నగిల్లునని చూపెను. ఎండతీవ్రతకు పైపొర త్వరగా ఆరి మూతవలె పనిచేసి, లోని తేమను కాపాడుననియు తేల్చెను. మెట్టపొలమున గుంటక తోలు మన రైతునకు ఇందలి ఫలము అనుభవమే. కారణము మాత్రము ఆయన కొలిచి చెప్పినది.

ఈ నివేదిక 1907లో అచ్చగునప్పటికే ఆయన ఆ విభాగమును వీడి, 1906లో జాతీయ ప్రమాణముల సంస్థకు వెడలిపోయెను. నాలుగేండ్ల పనితో నేల శాస్త్రమునకు పునాదివేసిన వానిని ఆ శాస్త్రము చాలకాలము పట్టించుకొనలేదు. 1914లో ప్రకటించిన పరిమాణ సిద్ధాంతమువలననే ఇంజనీర్లు ఆయనను ఎఱుగుదురు. 1931లో రిచర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ శక్మభావము నాధారముగా గొని తేమ చలనమునకు సమీకరణము కూర్చెను. ఎరువుల లవణములు భూగర్భజలమునకు దిగు వేగమును నేడు గణించువారును దానినే ఆశ్రయింతురు. 1937 వఱకు ప్రమాణముల సంస్థలోనే పనిచేసి, బకింగ్‌హామ్ 1940లో మరణించెను.