పిల్లల మాటను బడిలోకి తెచ్చిన గిడుగు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకు దండ వేస్తాం, చప్పట్లు కొడతాం. ఆయన దేనికోసం పోరాడారో చదివాక, అది మనలాంటి హాస్టల్ పిల్లల గురించే కదా అని మాకు అనిపించింది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని తోటి విద్యార్థులకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు పరిచయం చేస్తున్నాం.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విశాఖపట్నంలో మేనమామ గారి ఇంట ఉండి మెట్రిక్యులేషన్ చదివారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఎ. ప్యాసయ్యారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. సవర పిల్లలు చదువుకోవాలంటే ముందు తాను వారి భాష నేర్చుకోవాలని పంతులుగారు అనుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకు తానే జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చు వేయించి బహుమానం ఇస్తామంటే, తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

కొండల్లో చూసిన ఇబ్బందే తెలుగు పిల్లలకూ ఉందని ఆయన గుర్తించారు. ఇంట్లో 'వస్తున్నాడు' అనే పిల్లవాడు బడిలో 'వచ్చుచున్నాడు' అని రాయాలి. లేకపోతే తప్పు. విషయం తెలిసినా, ఆ గ్రాంథికం రాక పిల్లలు వెనకబడేవారు. ఆ రోజుల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొరకు కూడా, జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు ఎందుకన్న సందేహం కలిగింది. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయనతో కలిసి పాఠ్యపుస్తకాలు వాడుక భాషలో ఉండాలని ప్రచారం మొదలుపెట్టారు.

1910ల తొలినాళ్లలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చని అనుమతి వచ్చింది. పండితులు తీవ్రంగా వ్యతిరేకించడంతో కొద్దికాలానికే అది రద్దయింది. పంతులుగారు అధైర్యపడలేదు. పాత గ్రంథాలు, శాసనాలు తిరగేసి, వాడుక రూపాలు పూర్వం నుంచీ రాతలో ఉన్నాయని సాక్ష్యాలతో చూపించారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, అన్నేళ్లు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. బడి పుస్తకాలు పూర్తిగా వాడుక భాషలోకి రావడానికి ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు బడుల కోసం ఆయన అడిగింది శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవారు మాట్లాడే భాష. మన పుల్లలచెరువు, మార్కాపురం వైపు మాట 'యాడికి పోతన్నావు', 'వాడింకా రాలా' అనేవి ఇప్పటికీ పుస్తకంలో లేవు. కూలి పనులకు పోయే అమ్మానాన్నల పిల్లలం, నల్లమల గూడేల నుంచి వచ్చే చెంచు పిల్లలం, ఇంట్లో నేర్చిన మాటను బడి గడప దగ్గర దాచుకుంటున్నాం. నలుగురూ నవ్వుతారని తెలిసిన జవాబు కూడా చెప్పలేకపోతున్నాం. పరీక్షకు పుస్తకం భాష నేర్చుకోవలసిందే, కాదనం. కానీ అది రానంత మాత్రాన తెలివి లేదనుకోకూడదు.

సవర పిల్లల దగ్గర పంతులుగారు చేసిన పని మనకు దారి చూపుతుంది. మన రాష్ట్రంలో 2000 తర్వాత సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు వచ్చాయంటే, ఆ దారి మొదట వేసింది ఆయనే. మన హాస్టల్లో చదివి టీచర్లయిన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒకటే. మీ తరగతిలో ఒక పిల్లవాడు తన ఊరి యాసలో జవాబు చెబితే, ముందు జవాబు వినండి. యాస తర్వాత దిద్దవచ్చు. పంతులుగారికి మనం చేసే నిజమైన నివాళి అదే.