పీటర్ విలియమ్సన్
పీటర్ విలియమ్సన్ (1730 - జనవరి 19, 1799) స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో మొట్టమొదటి పెన్నీ తపాలా సేవను నెలకొల్పిన వ్యక్తి. ఇతడు "ఇండియన్ పీటర్" అనే పేరుతో ప్రసిద్ధుడు. ఈ పేరుకు భారతదేశంతో సంబంధం లేదు. అమెరికా ఆదివాసుల (రెడ్ ఇండియనుల) వేషం ధరించి ప్రదర్శనలు ఇచ్చినందువలన ఇతనికి ఆ పేరు వచ్చింది.

బాల్యము, అపహరణ
విలియమ్సన్ అబెర్డీన్‌షైర్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 1743లో అబెర్డీన్ రేవు వద్ద కొందరు ఇతనిని అపహరించి ఓడ ఎక్కించారు. ఆ కాలంలో అక్కడి వ్యాపారులు పేద పిల్లలను అమెరికా వలసలకు తరలించి, కొన్నేళ్ళ వెట్టిచాకిరీకి అమ్మేవారు. ఫిలడెల్ఫియాలో ఇతనిని 16 పౌండ్లకు అమ్మారు. కొనుక్కున్న యజమాని కూడా బాల్యంలో ఇదే విధంగా అపహరణకు గురైన స్కాట్లండు వాసి. అతడు పీటర్‌ను దయతో చూసి చదువు చెప్పించాడు.

1754లో ఆదివాసులు తనను బంధించారని, తరువాత తప్పించుకొన్నానని విలియమ్సన్ తన ఆత్మకథలో వ్రాశాడు. ఈ భాగం యథార్థతను చరిత్రకారులు సందేహించారు. పిమ్మట బ్రిటిషు సైన్యంలో చేరి, 1756లో ఫ్రెంచివారికి చిక్కి, ఖైదీల మార్పిడిలో విడుదలై ఇంగ్లండుకు చేరుకున్నాడు.

న్యాయపోరాటం
1757లో యార్క్ నగరంలో ఆత్మకథను ప్రచురించాడు. 1758లో దానిని అబెర్డీన్‌లో అమ్ముతుండగా, పిల్లల అపహరణ గురించిన వ్రాతలు పరువునష్టం కలిగించేవని నగర న్యాయాధికారులు తీర్పు చెప్పారు. ఆ పుటలను తలారి చేత బహిరంగంగా తగులబెట్టించి, ఇతనికి జరిమానా, నగర బహిష్కరణ విధించారు. విలియమ్సన్ ఎడిన్‌బరోలోని ఉన్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ సెషన్‌ను ఆశ్రయించాడు. 1762లో ఆ న్యాయాధికారులపై 100 పౌండ్లు, తరువాత అపహరణకు బాధ్యులైనవారిపై 200 పౌండ్లు నష్టపరిహారంగా గెలుచుకున్నాడు.

పెన్నీ తపాలా
స్కాట్లండు పార్లమెంటు 1695లో చేసిన చట్టంతో ఆ దేశంలో తపాలా వ్యవస్థ ఏర్పడింది. అయితే అది ఊరి నుండి ఊరికి ఉత్తరాలు చేరవేయడానికే పరిమితమై, నగరం లోపలి ఉత్తరాల బట్వాడాకు ఏర్పాటు ఉండేది కాదు. పార్లమెంటు భవనంలో విలియమ్సన్ నడిపిన కాఫీహౌసుకు న్యాయవాదులు ఎక్కువగా వచ్చేవారు. వారి ఉత్తరాలను నగరంలో చేరవేయవలసిన అవసరాన్ని ఇతడు గుర్తించాడు. 1773లో ఎడిన్‌బరో నివాసుల పేర్లు, చిరునామాలతో నగరపు మొదటి డైరెక్టరీని ప్రచురించాడు. దాదాపు అదే కాలంలో పెన్నీ తపాలాను ప్రారంభించాడు.

నగరంలోని పలు దుకాణాలలో ఉత్తరాలను స్వీకరించేవారు. ఒక పెన్నీ రుసుముతో వాటిని ఇంటింటికీ అందజేసేవారు. సిబ్బంది ఎక్కువమంది ఉన్నట్లు కనిపించడానికి నలుగురు బట్వాడాదారుల టోపీలపై 1, 4, 8, 16 అంకెలు వేయించాడని చెబుతారు.

చివరి రోజులు
1793లో ప్రభుత్వ తపాలా శాఖ ఈ సేవను స్వాధీనం చేసుకొని, ఇతనికి ఏటా 25 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. విలియమ్సన్ 1799లో ఎడిన్‌బరోలో మరణించాడు. బ్రిటన్ అంతటికీ ఒకే పెన్నీ రుసుము 1840లో అమలులోకి వచ్చింది.