మట్టిని మన్నించిన శిల్పి: హసన్ ఫత్‌హీ

ఇల్లు కట్టదలచినవాడు మొదట సిమెంటు ధర, ఇనుము ధర విచారిస్తాడు. తన కాలిక్రింది మన్నును గూర్చి విచారించేవారు అరుదు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్‌హీ జీవితమంతా ఆ మన్నును గూర్చియే విచారించారు. ఆయన విజయంతోపాటు ఆయన వైఫల్యాన్ని కూడా మనం తెలిసికొనవలసి ఉన్నది.

ఫత్‌హీ 1900 మార్చి 23న అలెగ్జాండ్రియా నగరంలో సంపన్న భూస్వాముల ఇంట జన్మించారు. తండ్రికి పల్లె గిట్టదు. తల్లికి పల్లె అంటే ప్రాణం. 1926లో కైరోలో వాస్తువిద్యలో పట్టభద్రులైన పిమ్మట, తమ పొలాలను చూడబోయి, అక్కడి రైతుకూలీల దైన్యాన్ని కన్నులారా చూచి కలత చెందారు. పేదవానికి సిమెంటు, ఇనుము అందవు. మన్ను, గడ్డి, నీరు, ఎండ ఎల్లవారికీ అందుతాయి. ఈ నాలుగింటితోనే మంచి ఇల్లు కట్టవచ్చునని ఆయన నమ్మారు.

గోడలకు పచ్చి ఇటుక చాలును. కాని కప్పు మాటేమిటి? ఈజిప్టులో దూలాలకు పనికివచ్చే కలప అరుదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతి కలప, ఇనుము మరీ కరువైనవి. మట్టి ఇటుకలతోనే కమాను కప్పులు వేయబోగా అవి కూలిపోయినవి. అప్పుడు అస్వాన్ ఆనకట్ట వద్ద పనిచేస్తున్న అన్నగారు, అక్కడి నూబియా మేస్త్రీలు చెక్క ఆధారమేమియు లేకుండ కప్పులు వేస్తారని తెలిపారు. 1941లో ఫత్‌హీ అస్వాన్ వెళ్లి ఆ విద్యను చూచారు. వెనుకగోడకు ఆనించి, ఒక్కొక్క వరుసను కొంచెం ఏటవాలుగా అంటించుకుంటూ పోతే, ప్రతి వరుస తరువాతి వరుసకు ఆధారమవుతుంది. తేలికగా ఉండుటకై ఆ ఇటుకలలో గడ్డి ఎక్కువగా కలుపుతారు. వేల ఏండ్లనాటి ఈ విద్య చదువురాని మేస్త్రీల చేతులలో బ్రతికి ఉన్నది. విశ్వవిద్యాలయం నేర్పనిదానిని పట్టభద్రుడు వారివద్ద నేర్చుకొన్నాడు.

అటుపిమ్మట చిత్రకారుడు హామిద్ సయీద్ కోసం కైరో సమీపాన అల్ మర్జ్‌లో ఒక ఇల్లు కట్టారు. ప్రకృతికి చేరువగా ఉండగోరి ఆ దంపతులు గుడారంలో నివసించేవారు. వారికి కావలసినది చిత్రశాల, పడుకొనుటకు చోటు. ఫత్‌హీ 1942లో మట్టి ఇటుకలతో అంతే కట్టారు. అవసరం పెరిగిన తరువాత ముంగిలి చుట్టూ మరికొన్ని గదులు చేర్చారు. ఆడంబరానికని కట్టిన గోడ అందులో కానరాదు. దళసరి గోడలు పగటివేడిని ఆపుతాయి. ముంగిలి రాత్రి చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది.

1945లో ప్రభుత్వ పురావస్తు శాఖ ఆయనకు పెద్ద పని అప్పగించింది. లక్సర్‌కు ఎదుట, నైలునదికి పడమటి ఒడ్డున, ప్రాచీన సమాధులపై వెలసిన గుర్నా గ్రామంలోని దాదాపు 7,000 మందిని తరలించుటకు క్రొత్త ఊరు కట్టవలెను. అచ్చులో పోసినట్లు అన్ని ఇండ్లూ ఒకేరీతిగా ఉండరాదని, ఏ కుటుంబానికి తగిన ఇల్లు ఆ కుటుంబానికే ఉండవలెనని ఆయన పట్టుబట్టారు. మసీదు, అంగడి, బడి, నాటకశాల లేచినవి. అయినను జనులు కదలలేదు. ఆ సమాధులే వారికి జీవనాధారం. క్రొత్త ఊరిని ముంచుటకై గట్టు తెంచినారని ఫత్‌హీయే వ్రాశారు. కార్యాలయాల జాప్యం కూడా తోడై, దశాబ్ది ముగియక ముందే పని నిలిచిపోయింది.

ఆ కథను ఆయన 1969లో గ్రంథస్థం చేశారు. 1973లో చికాగో విశ్వవిద్యాలయం దానిని పునర్ముద్రించగా ప్రపంచం ఆయనవైపు చూచింది. 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కార సంస్థ ఆయనను ప్రత్యేకంగా గౌరవించింది. పాత కైరోలోని ఒక పురాతన గృహంలో నిరాడంబరంగా జీవించి, 1989 నవంబరు 30న కన్నుమూశారు.

హామిద్ సయీద్ తన ఇంటిని తాను కోరుకొన్నాడు, గుర్నావాసులు కోరుకొనలేదు. మన్ను రెండుచోట్లా ఒక్కటే, శిల్పి ఒక్కడే. ఇంటికి పునాది అందులో నివసించేవాని సమ్మతి అని మేము గ్రహించినది ఇక్కడనే. మన పల్లెలలో మిగిలిన మట్టిమిద్దెలను పడగొట్టేముందు, వాటిని కట్టిన వృద్ధ మేస్త్రీలు ఇంకను ఉన్నారేమో విచారించుట విద్యావంతులమైన మన విధి. ఫత్‌హీ అస్వాన్‌కు పోయి చేసినది ఆ పనియే.