పాల్కురికి సోమన్న: మన పనిని, మన పాటను కావ్యం చేసిన కవి

పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ముందు పేజీల్లో చూసుకున్నం. ఇప్పుడు కొంచెం తీరికగా ఒక మనిషి జీవితం చదువుకుందాం. ఆయన జనగామ జిల్లా పాలకుర్తి పేరు మోసిన కవి, పాల్కురికి సోమనాథుడు.

పాలకుర్తి అనంగనే మనకు ముందుగా చాకలి ఐలమ్మ యాదికొస్తది. తను సాగు చేసిన భూమిని, పండించిన పంటను దొర చేతికి పోనీయకుండ నిలబడ్డ తల్లి. ఐలమ్మకు ఎన్నో వందల ఏండ్ల ముందు, ఓరుగల్లు నుంచి కాకతీయులు ఏలుతున్న కాలంలో, అదే ఊరి కవి చాకలిని, కుమ్మరిని, సాలెను, చిన్న ఆడపిల్లను తన కావ్యంలో పెద్ద పీట మీద కూర్చోబెట్టిండు. రాజుల కథలు, దేవతల యుద్ధాలే కావ్యానికి తగినవని అనుకునే రోజుల్లో ఈ పని చేసిండు.

అక్కా చెల్లెళ్లారా, ఈ కథ మనకెందుకంటే, సంఘం మీటింగుల నువ్వేం పని చేస్తవని అడిగితే మనలో చానామంది ఇప్పటికీ ఏం లేదనే చెప్తున్నం. బుట్ట అల్లుతం, బట్ట కుడుతం, చాపలు నేస్తం, అయినా ఖాళీ ఉన్నప్పుడు ఏదో చేస్తున్న అంటం. మన చేతిపనికి మనమే విలువ కట్టం. సోమన్న కట్టిండు. ఎట్ల కట్టిండో చూద్దాం.

ఊరు, చదువు, రాసిన పుస్తకాలు

సోమనాథుని తల్లి పేరు శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. తెలుగుతో పాటు సంస్కృతం, కన్నడం బాగా నేర్చిన మనిషి. ఇంకా చుట్టుపక్కల దేశాల భాషలు కూడా తెలుసు. కన్నడ దేశంలో 12వ శతాబ్దంలో బసవన్న నడిపిన శివభక్తి ఉద్యమం ఆయన మనసును పట్టుకున్నది. ఆ దారిలో కులం పుట్టుకను బట్టి మనిషిని కొలవద్దన్నరు. చేసుకునే పని ఏదైనా అది పూజతో సమానమే అన్నరు. ఆ పనినే కాయకం అని పిలిచిన్రు.

సోమన్న రాసిన వాటిలో రెండు పెద్దవి. ఒకటి బసవ పురాణం, రెండోది పండితారాధ్య చరిత్ర. వృషాధిప శతకం, అనుభవసారం, చతుర్వేదసారం, బసవోదాహరణం కూడా ఆయనవే. అంతకు ముందు మన భాషలో వచ్చిన పెద్ద కావ్యాలు ఎక్కువగా సంస్కృత కథలను తెలుగులోకి తెచ్చుకున్నవి. సోమన్న మాత్రం జనం నోట ఉన్న కథలను తీసుకున్నడు. వాటిని ద్విపదలో కట్టిండు. ద్విపద అంటే రెండేసి పాదాలుగా సాగే, పాడుకునేందుకు వీలైన నడక. చదువు రానోళ్లు కూడా విని గుర్తు పెట్టుకోవచ్చు. నలుగురికీ అర్థమయ్యే తేట తెలుగును ఆయన జాను తెనుగు అన్నడు. మంచి మాట అందరికీ చేరాలె అన్నదే ఆయన పట్టుదల.

ఆయన స్వభావం మెత్తనిది మాత్రం కాదు. తను నమ్మిన దారిని ఒప్పుకోని వాళ్ల మీద చాలా గట్టిగా, ఒక్కోసారి కటువుగా రాసిండు. ఆ మాటలన్నీ ఈ కాలంలో మనం ఒప్పుకోవాల్సిన పని లేదు. కష్టం చేసే మనుషులను ఆయన చూసిన తీరు మాత్రం మనం నేర్చుకోదగ్గది.

కుండ, బట్ట, పాల గిన్నె

బసవ పురాణంలో కుమ్మరి గుండయ్య కథ ఉన్నది. గుండయ్య కుండలు చేస్తడు. చేసిన కుండను చేతితో తడుతూ, ఆ చప్పుడుకే తాళం కలిపి శివుని తలుచుకుంటూ ఆడుతడు. ఆ ఆట చూసి శివుడే దిగి వచ్చి ఆయనతోపాటు ఆడిండట. గుండయ్య పని వదిలిపెట్టి గుడికి పోలేదు. పని చేసే చోటనే ఆయన పాట, ఆట, పూజ అన్నీ ఉన్నయి.

జేడర దాసయ్య సాలె. ఎంతో కష్టపడి ఒక మంచి బట్ట నేసిండు. జంగమ వేషంలో వచ్చిన శివుడు అడిగితే ఇచ్చేసిండు. శివుడు దాన్ని కళ్ల ముందే చింపినా దాసయ్య నొచ్చుకోలేదు. ఆయన ఇంట్ల ఎంత తీసినా తరగని గింజల నిధిని, తవనిధిని, శివుడు ఇచ్చిండని కథ. నేసినోళ్లకు తెలుస్తది చేతిల నుంచి పోయిన బట్ట విలువ ఎంతో. ఆ విలువ తెలిసిన కవి గనుకనే ఆ కథను అంత ప్రేమగా చెప్పిండు.

మడివాలు మాచయ్య చాకలి. బసవన్న అంతటి మంత్రికి తన దానధర్మాల మీద గర్వం తలెత్తితే దాన్ని దించింది మాచయ్యే. రాజుకు కూడా బెదరలేదు.

ఆడవాళ్ల కథలు ఇంకా మనసుకు దగ్గరగా ఉంటయి. గొడగూచి అనే చిన్న పిల్లకు తండ్రి, ఊరికి పోతూ, దేవునికి పాలు పోసి రమ్మని పని చెప్పిపోతడు. దేవుడు పాలు తాగకపోతే పిల్ల బతిమాలుతది, బుగులు పడుతది, ఏడుస్తది. చివరికి దేవుడే దిగొచ్చి తాగుతడు. బెజ్జ మహాదేవి కథ అయితే మరీ ముచ్చట. అందరికీ తల్లి ఉన్నది, శివునికి మాత్రం తల్లి లేదు, తల్లి ఉంటే జడలు కట్టి బూడిద పూసుకొని తిరగనిస్తదా అని ఆమె బాధపడ్డది. తానే తల్లి అయి నీళ్లు పోసింది, కాటుక పెట్టింది, పాలు పట్టింది. పిల్లవాని అంగిట్ల ముల్లు లేచిందని తల్లడిల్లింది. అందుకే ఆమెను అమ్మవ్వ అన్నరు. పసిపిల్లలకు నీళ్లు పోసుడు, కాటుక పెట్టుడు, వాళ్ల రోగాలకు తల్లడిల్లుడు, ఇవన్నీ మనం రోజూ చేసే పనులే. వాటిని ఎవ్వరూ రాయరనుకుంటం. సోమన్న రాసిండు.

తెర మీద బొమ్మలు

పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అనే భాగం ఉన్నది. శివరాత్రికి శ్రీశైలం పోయే జనం గురించి అందులో వివరంగా చెప్పిండు. మన మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రుని జాతర చూసినోళ్లకు ఆ సందడి కండ్ల ముందుకు వస్తది. ఆ జాతరలో ఎవరెవరు ఏమేం ఆడిన్రో, ఏమేం పాడిన్రో సోమన్న వరసగా చెప్పుకుంటూ పోయిండు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని పాటల పేర్లు రాసిండు. బసవ పురాణంలో రోకటి పాటలను కూడా తలుచుకున్నడు. వడ్లు దంచుతూ ఆడవాళ్లు పాడుకునే పాటలకు కావ్యంలో చోటు దొరికింది.

సన్నని తెర వెనక నుంచి బొమ్మలను ఆడిస్తూ భారత కథలు చూపేటోళ్ల గురించి కూడా అక్కడే చెప్పిండు. దారాలతో ఆడించే బొమ్మల ముచ్చట కూడా ఉన్నది. తోలుబొమ్మలాట గురించి తెలుగులో మనకు దొరికే పాత సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ రోజుల్లో తెర మీద బొమ్మలు కదిలితే జనం కూర్చొని చూసినట్టే, ఇయ్యాల మనం రాత్రి బువ్వ తిని టీవీ ముందట కూర్చుంటున్నం. చూసుడు తప్పు గాదు. సోమన్న కూడా చూసిండు. చూసినదాన్ని గమనించిండు, పేరు పేరునా గుర్తు పెట్టుకున్నడు, తన పనిలోకి తెచ్చుకున్నడు. సీరియల్ చూస్తూ చీర అంచు మీది పువ్వును గమనించి జాకెట్టు మీద కుట్టుకునే చెల్లె చేసేది కూడా ఆ పనే.

బొమ్మలతో కథ చెప్పే పద్ధతి మన దగ్గర ఇంకా బతికే ఉన్నది. జనగామకు దగ్గర్లోని చేర్యాలలో నకాషీ కళాకారులు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి పటాలు వేస్తరు. పటం విప్పుకుంటూ కథ చెప్పేటోళ్లు ఊరూరు తిరిగేటోళ్లు. చాకలి కులస్థులకు చెప్పే మడేలు పురాణం అట్ల పటం మీద ఉన్న కథే. పుస్తకం చదవడం రాని మన అవ్వలకు ఆ పటమే బొమ్మల పుస్తకం.

చిన్నచూపు చూసినా నిలిచింది

తర్వాతి కాలపు కవి పిడపర్తి సోమనాథుడు ఒక ముచ్చట చెప్పిండు. ఓరుగల్లు స్వయంభూ దేవుని గుడిలో భక్తులు బసవ పురాణం చదువుకుంటుంటే ప్రతాపరుద్ర మహారాజు అక్కడికి వచ్చిండట. అదేందని అడిగితే, పక్కనున్న ఒక పండితుడు అది ఈ నడుమ ఎవరో కట్టిన ద్విపద, లెక్కలోకి తీసుకోదగ్గది కాదని తేల్చేసిండట. రాజు వినకుండనే పోయిండట.

ఆ పుస్తకం మాత్రం పోలేదు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చిండు. పిడపర్తి సోమనాథుడు మళ్లీ పద్యాల్లో రాసిండు. 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు అనువాదం అచ్చు వేసింది. సోమన్న చివరి రోజుల్లో కన్నడ దేశం పోయి కలికెం అనే ఊళ్లె శివైక్యం చెందిండని చెప్తరు. ఊరు విడిచి పోయినా ఊరి పేరు మాత్రం ఆయన పేరులో ఇప్పటికీ ఉన్నది.

మన మూడు జిల్లాల చేతిపని

మన చుట్టూ చూసుకుంటే సోమన్న చూడదగ్గ పనులు ఎన్నో ఉన్నయి. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి బొమ్మలు తేలుస్తరు. మహబూబాబాద్ తండాల్లో లంబాడా అక్కలు అద్దాలు, గవ్వలు పెట్టి చేసే కుట్టుపని చూస్తే కండ్లు తిప్పుకోలేం. భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ దసలి పట్టుకు పేరు పొందింది. అదే జిల్లా గణపురం కోటగుళ్లలో కాకతీయుల నాటి రాతి పని ఉన్నది. ఆ శిల్పులు, సోమన్న ఒకే రాజ్యపు మనుషులు.

వీటిని చూసి మెచ్చుకుంటే కడుపు నిండదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. అందుకే విలువ కట్టే మాట మళ్లీ చెప్తున్నం. ఒక బుట్టకు 60 రూపాయల వెదురు పట్టిందనుకుందాం. దాన్ని 80కి అమ్మి 20 మిగిలినయని పుస్తకంలో రాసుకుంటం. అల్లడానికి సగం రోజు పట్టింది. ఆ సగం రోజు కైకిలికి పోతే 150 వచ్చేదనుకుంటే, మనం 130 రూపాయలు నష్టపోయి బుట్ట ఇచ్చినట్టే. చేతి కష్టాన్ని ధరలో కలపకపోతే ఏ పనీ ఎక్కువ రోజులు నిలవదు. బిడ్డలు కూడా నేర్చుకోరు.

కాబట్టి వచ్చే ఏడాది ప్రతి గ్రామ సంఘంలో రెండు పనులు చేద్దాం. మొదటిది, చేతిపని చేసే ప్రతి సభ్యురాలు సరుకు ఖర్చుతోపాటు తన కైకిలి కూడా ధరలో వేసుకునేటట్టు లెక్క నేర్పుకుందాం. రెండోది, ఒక మీటింగుకు ఊళ్లె ఉన్న ముసలి అవ్వలను పిలుద్దాం. దంపుడు పాటలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు వాళ్లతో పాడించి మినిట్స్ పుస్తకంలో కాకుండ వేరే నోట్‌బుక్కుల రాయించుదాం. ఫోన్ల రికార్డు చేసినా మంచిదే. పాడినోళ్ల పేరు, ఊరు తప్పకుండ రాయాలె. రాసే చెల్లెకు, పాడే అవ్వకు చాయ ఖర్చు సంఘం పెట్టుకోవాలె.