తంత్రీనాదముతో జాజ్: గ్లెన్ మిల్లర్

అమెరికాలోని అయోవా రాష్ట్రమున క్లారిండా పట్టణమునందు గ్లెన్ మిల్లర్ 1904లో జన్మించెను. ట్రాంబోన్ వాద్యమున నేర్పరియైన ఆతడు మొదట కూర్చిన జాజ్ బృందము నిలువలేదు. 1938లో కూర్చిన రెండవ బృందము, క్లారినెట్టు శాక్సఫోనులకు ముందు నడచు నూతన నాదముతో దేశమంతట ఖ్యాతి గాంచెను. ధనమును కీర్తియు పుష్కలముగ లభించుచుండగనే, 1942లో ఆ బృందమును విడిచి ఆతడు యుద్ధకాలమున సైన్యమున చేరెను. అచ్చట ఏర్పరచిన పెద్ద బృందమున వయొలిను మొదలగు తంత్రీవాద్యముల వారిని సుమారు 20 మందిని చేర్చెను. 1939 నాటి ‘మూన్‌లైట్ సెరనేడ్’ వంటి పాత బాణీలే తంత్రుల మృదునాదముతో క్రొత్త రూపు దాల్చి, ఇల్లు విడిచిన సైనికులకు ఊరట కలిగించెను. 1944 డిసెంబరు 15న ఇంగ్లండునుండి పారిస్‌కు విమానమెక్కిన మిల్లర్ మరల కానరాలేదు. పిదప ఆ బృందము పారిస్ చేరి, నాయకుడు లేకయే, ఆతడు నేర్పిన రీతిగనే వాయించెను.